డబ్బులిచ్చే మందుల స్టడీకి వెళ్లొచ్చాను: స్క్రీనింగ్ నుంచి చివరి శాంపిల్ దాకా

క్లినికల్ ట్రయల్‌కి వాలంటీర్‌గా వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రమాదం లేదా, ఒంటికి ఏమైనా అయితే ఎవరు చూస్తారు, డబ్బులు నిజంగా చేతికిస్తారా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను. ఎవర్నీ వెళ్లమని చెప్పడం లేదు, వద్దనీ అనడం లేదు. కానీ వెళ్లాలనుకునేవాళ్లు ఎంత ఇస్తారన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోకండి, ఏ లెక్కన ఇస్తారో అడగండి. లోపలికి వెళ్లాక మనం నిజం చెప్పగలమా లేదా అన్నది చాలావరకు ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది, అది నేను దగ్గరుండి చూశాను.

ముందు ఏ రకం స్టడీయో చెప్పాలి, ఎందుకంటే ట్రయల్ అనగానే అందరూ ఒకటే అనుకుంటారు. నేను వెళ్లింది బయోఈక్వివలెన్స్ స్టడీకి, అక్కడ అందరూ బీఈ స్టడీ అనే అంటారు. ఒక మందు పేటెంట్ గడువు తీరాక వేరే కంపెనీలు అదే మందును జనరిక్‌గా తయారుచేస్తాయి కదా, ఆ జనరిక్ మాత్ర కూడా అసలు మాత్ర కలిసినంత వేగంగా, అంతే మోతాదులో రక్తంలో కలుస్తోందా అని ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో చూసే పరీక్ష ఇది. ఇందులో మందు కొత్తది కాదు. ఏళ్ల తరబడి జనం వాడుతున్నదే, దాని సైడ్ ఎఫెక్టులు చాలావరకు ముందే తెలుసు. మనుషుల్లో మొట్టమొదటిసారి వాడి చూసే కొత్త మందు సంగతి వేరు. దాన్ని ఫేజ్ వన్ అంటారు, అక్కడ జంతువుల్లో చూసిన ఫలితాలే ఆధారం.

ఆ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే లండన్‌లో 2006 మార్చిలో జరిగింది తెలుసుకోవాలి. నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఉన్న ట్రయల్ కేంద్రంలో టీజీఎన్1412 అనే కొత్త మందును నిమిషాల తేడాతో వరసగా ఆరుగురు ఆరోగ్యవంతులకు ఎక్కించారు, ఇంకో ఇద్దరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. జంతువుల్లో ఫర్వాలేదనిపించిన మోతాదులో 500వ వంతే ఇచ్చారు. అయినా గంటన్నర తిరక్కుండానే మందు పడిన ఆరుగురికీ ఒళ్లంతా వాపు ప్రక్రియ మొదలై, అవయవాలు దెబ్బతిని, అందర్నీ ఐసీయూకి తీసుకెళ్లాల్సి వచ్చింది. అందరూ బతికారు, కానీ మామూలుగా బయటపడలేదు. ఆ తర్వాతే మొదట ఒకరికి ఇచ్చి, తగినంత సేపు చూశాకే మిగతావాళ్లకు ఇవ్వాలన్న జాగ్రత్త గట్టిపడింది. అయినా 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్‌లో ఇంకో కొత్త మందు ట్రయల్‌లో ఒక వాలంటీర్ చనిపోయారు. అక్కడ ఒక సాయంత్రం ఆయనకు బాగోలేక ఆసుపత్రిలో చేర్చినా, మర్నాడు పొద్దున అదే గుంపులోని మిగతావాళ్లకు డోసు ఇచ్చేశారు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏ స్టడీకి పిలిచినా మొదటి ప్రశ్న "ఈ మందు ఇంతకుముందు మనుషులకు ఇచ్చారా?" అని ఉండాలి, రెండోది "పక్కవాళ్లకు ఏమైనా అయితే మాకు చెప్తారా?" అని. నేను రెండూ అడిగాను.

ఇక కాగితాల విషయం. మొదటిరోజు మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి సమ్మతి పత్రం, అంటే కన్సెంట్ ఫారం, ఒకాయన చదివి వినిపించారు. అందులో మందు పేరు, మోతాదు, ఎన్నిసార్లు రక్తం తీస్తారు, మొత్తం ఎన్ని మిల్లీలీటర్లు, ఏమేం తినకూడదు, తెలిసిన సైడ్ ఎఫెక్టులేంటి, ఏమైనా అయితే వైద్యం ఖర్చు ఎవరిది, నష్టపరిహారం ఎలా, అన్నీ ఉంటాయి. ఇందులో పాల్గొనడం వల్ల మీ ఆరోగ్యానికి ఏ లాభమూ లేదు అని కూడా తేటగా రాసి ఉంటుంది, ఉండాలి కూడా. చుట్టూ చూస్తే సగంమంది సంతకం ఎక్కడ పెట్టాలా అని పేజీలు తిప్పుతున్నారు. ఆ తర్వాత డాక్టర్‌తో విడిగా మాట్లాడే సమయం ఇచ్చారు, ఆ కాసేపూ మనదే, దాన్ని వదులుకోకూడదు. నేను కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకుని వస్తానన్నాను, ఎవరూ కాదనలేదు. ఎక్కడైనా కాదంటే అక్కడి నుంచి లేచి వచ్చేయొచ్చు, ఆలోచించుకునే సమయం ఇవ్వకుండా తీసుకున్న సంతకాన్ని నేను సమ్మతి అనను.

చివరి పేజీల్లో ఎథిక్స్ కమిటీ, అంటే వాలంటీర్ల హక్కులు, భద్రత చూసే కమిటీ, ఫోన్ నంబర్ ఉంటుంది. స్టడీ చేసే సంస్థ మీద ఫిర్యాదు ఉంటే నేరుగా వాళ్లతోనే మాట్లాడొచ్చు. ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా తప్పుకునే హక్కు కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నాజీ డాక్టర్ల విచారణ తర్వాత 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొదటి నియమమే మనిషి ఇష్టపూర్వకమైన సమ్మతి, మధ్యలో ఆపేయమనే స్వేచ్ఛ కూడా అందులో ఉంది. 1964 హెల్సింకీ ప్రకటన నుంచి ప్రపంచమంతా డాక్టర్లు ఆ దారిలోనే నియమాలు పెట్టుకుంటూ వచ్చారు.

నేను అన్నిటికంటే ఎక్కువసేపు చదివింది డబ్బు పేరా. బీఈ స్టడీ సాధారణంగా రెండు విడతలు. ఒక విడతలో జనరిక్, ఇంకో విడతలో అసలు మందు, ఎవరికి ఏది ముందన్నది లాటరీ పద్ధతిలో ముందే తేల్చేస్తారు. అంటే నా రక్తాన్ని నా రక్తంతోనే పోల్చి చూస్తారన్నమాట. అందుకే మధ్యలో ఒకరు మానేస్తే వాళ్ల మొదటి విడత లెక్క పోల్చడానికి పనికిరాకుండా పోతుంది, మనుషుల్ని చివరిదాకా నిలబెట్టుకోవాలని సంస్థలకు ఉండడం సహజమే. కానీ దానికోసం డబ్బంతా చివర్లో పెడితే? అంతకుముందు వేరే చోట ఒక స్టడీ ఫారం చూశాను, దాదాపు మొత్తం డబ్బు ఆఖరి శాంపిల్ ఇచ్చాకే అని ఉంది. నేను చేరలేదు. ఒంట్లో బాగోకపోయినా నోరు మూసుకుని కూర్చునేలా చేసే ఏర్పాటు అది. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా డబ్బు స్టడీ సాగే కొద్దీ జమ అవుతూ ఉండాలని, మొత్తం పూర్తిచేస్తేనే ఇస్తామని ముడిపెట్టకూడదని చెప్తుంది. నేను చేరిన చోట విడతకు ఇంత, తర్వాత బయటి నుంచి వచ్చి ఇచ్చే ప్రతి శాంపిల్‌కు ఇంత, చివర్లో కొద్దిగా అదనం అని ఉంది. సైడ్ ఎఫెక్ట్ వల్ల డాక్టరే ఆపేస్తే ఆ విడత డబ్బు పూర్తిగా ఇస్తారని కూడా ఉంది. ఎవరైనా తప్పుకుంటే బదులుగా ఉంటారని స్టాండ్‌బైగా పిలిచి, డోసు ఇవ్వకుండా పంపేస్తే ఎంత ఇస్తారో అడిగి అది కూడా కాగితం మీద చూపించమన్నాను.

స్క్రీనింగ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎత్తు, బరువు, బీపీ, ఈసీజీ, రక్తం, మూత్రం, లివర్, కిడ్నీ పరీక్షలు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, మత్తుపదార్థాల పరీక్ష, ఆడవాళ్లకు గర్భం పరీక్ష. ఏ ఒక్కటి హద్దు దాటినా వెనక్కి పంపేస్తారు. నాతోపాటు వచ్చిన ఒకబ్బాయిని లివర్ ఎంజైమ్ కాస్త ఎక్కువుందని పంపేశారు, అతను బాగా దిగులుపడ్డాడు, కానీ అదేంటో డాక్టర్‌కు చూపించుకునే అవకాశం అలా దొరికింది కదా. ఫెయిలైనా రిపోర్టు అడిగి తీసుకోండి.

చెక్-ఇన్ సాయంత్రం. శ్వాసలో మద్యం ఉందేమో చూస్తారు, బ్యాగు మొత్తం తీసి వెతుకుతారు, తినేవి, బయటి మాత్రలు ఏవీ లోపలికి రానివ్వరు. టీ, కాఫీ అప్పటికే మానేయమన్నారు, కెఫీన్ ఉన్నది ఏదీ ముట్టకూడదు. గ్రేప్‌ఫ్రూట్ అని ఒక నిమ్మజాతి పండు ఉంటుంది, పేరు చూసి ద్రాక్ష అనుకోకండి, అది కూడా నిషేధం, చాలా మందులు విరిగిపోకుండా పేగుల్లో అడ్డుపడి రక్తంలో మోతాదు పెంచేస్తుందట. రాత్రి భోజనం అయ్యాక కనీసం 10 గంటలు ఏమీ తినకూడదు.

డోసింగ్ పొద్దున మాత్రం బాగా గుర్తుంది. తెల్లవారకముందే లేపి చేతికి క్యాన్యులా పెట్టారు. సూది గుచ్చినప్పుడు ఒక్క క్షణం చురుక్కుమంటుంది, తర్వాత ప్లాస్టిక్ గొట్టం మాత్రమే లోపల ఉంటుంది, మోచెయ్యి ఎక్కువ మడవకుండా చూసుకుంటే నొప్పి తెలియదు. మాత్ర వేయకముందు ఒక శాంపిల్ తీశారు. తర్వాత మంచాల వరసలో ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాల తేడాతో డోసు. ఒకరు మాత్ర చేతికిస్తారు, ఇంకొకరు గడియారం చూస్తూ టైము రాస్తారు, కొలిచిన 240 మిల్లీలీటర్ల నీళ్లు మొత్తం తాగాలి, తాగాక నోరు తెరిపించి నాలుక కింద, బుగ్గల పక్కన టార్చ్ వేసి చెక్కపుల్లతో కదిపి మరీ చూస్తారు. నాకు అవమానంగా ఏమీ అనిపించలేదు. ఒకరు మాత్ర మింగకుండా దాచుకుంటే, ఆ తప్పుడు లెక్క మీద రేపు ఒక రోగి మందు ఆధారపడుతుంది. డోసుకు ముందు గంట, తర్వాత గంట నీళ్లు లేవు, 4 గంటలు తిండి లేదు, చెప్పేదాకా పడుకోకూడదు.

ఇక అక్కడి నుంచి రక్తం. మొదట్లో పావుగంటకోసారి, అరగంటకోసారి, తర్వాత గంటకు, రెండు గంటలకు. సిస్టర్ వచ్చి నా నంబర్ పిలిచి, మెడలో కార్డు, ట్యూబు మీద లేబుల్ రెండూ సరిచూసుకుని, క్యాన్యులాలో ఉన్న మొదటి కొంచెం రక్తం పక్కన పారేసి, ఊదారంగు మూత ట్యూబులో తీసుకుని, మెల్లగా తిరగేసి ఐసు నీళ్ల ట్రేలో పెట్టేవారు. సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి పోయి పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది, మందు ఎంత ఉందో కొలిచేది దానిలోనే. అందరి లెక్కలూ కలిపి చూసినప్పుడు రెండు మందుల సగటు నిష్పత్తి, దాని చుట్టూ ఉండే 90 శాతం నమ్మక పరిధితో (అసలు నిష్పత్తి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే అంచనా) సహా, 80 నుంచి 125 శాతం మధ్యలో పడాలి. దీన్ని పట్టుకుని జనరిక్ మాత్రలో మందు 20 శాతం తక్కువ వేస్తారని చాలామంది ప్రచారం చేస్తారు, అది తప్పు. ఆ హద్దు మాత్రలో వేసిన మోతాదుకు కాదు, రక్తంలో తేలిన కొలతల లెక్కకు. మొత్తం పరిధి ఆ గీతల మధ్య ఇమడాలంటే రెండు మాత్రలూ నిజంగా దగ్గర దగ్గరగా పనిచేయాల్సిందే.

మధ్యాహ్నానికి నాకు తలనొప్పి మొదలైంది. పెద్దదేం కాదు, కణతల దగ్గర లాగుతున్నట్టు. పక్క మంచం మీద నాకంటే పెద్దాయన ఉన్నాడు, అప్పటికే చాలా స్టడీలు చేసినట్టున్నాడు. మెల్లగా వంగి "తమ్ముడూ, తలనొప్పి అని చెప్పకు, రాసేసుకుంటారు, తీసేస్తారు, డబ్బులు పోతాయి" అన్నాడు. నా మంచికోరే చెప్పాడు. కానీ నేను సిస్టర్‌ని పిలిచి చెప్పాను. డాక్టర్ గారు వచ్చి బీపీ, నాడి చూశారు, ఎప్పుడు మొదలైంది, ఏ వైపు, చూపు మసకగా ఉందా, వాంతి వస్తోందా అని అడిగి, టైముతో సహా రాసుకున్నారు. "రోజూ కాఫీ తాగుతారా?" అనడిగారు. తాగుతానన్నాను. ఉన్నట్టుండి కెఫీన్ మానేస్తే తలనొప్పి రావడం మామూలే, అయినా మందు వల్ల కాదని మనం ఇప్పుడే తేల్చేయకూడదు, చూస్తూ ఉందాం అన్నారు. నన్నెవరూ తీసేయలేదు, సాయంత్రానికి తగ్గిపోయింది, తగ్గిన టైము కూడా రాసుకున్నారు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో మొత్తం స్టడీలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు. మందు పెట్టెలో మడిచి పెట్టే చీటీ మీద తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం అని రాసి ఉంటుంది కదా, అవి ఎక్కడి నుంచి వచ్చాయి? ట్రయల్స్‌లో ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్తేనే వచ్చాయి. యంత్రం రక్తంలో మందు కొలుస్తుంది, తలనొప్పిని కొలవలేదు. మనం దాచేస్తే అది ఏ కాగితంలోనూ ఉండదు.

ఆ సాయంత్రం పెద్దాయనతో చాలాసేపు మాట్లాడాను. కొద్ది వారాల క్రితమే వేరే చోట ఇంకో స్టడీ పూర్తిచేసి, ఇక్కడ చెప్పకుండా చేరాడు. ఆయన్ని తిట్టాలనిపించలేదు, ఇంటి అవసరాలు అలా ఉన్నాయి. కానీ అది ఆయన ప్రాణానికే ముప్పు. పాత మందు ఇంకా ఒంట్లో మిగిలి ఉంటే కొత్తదానితో కలిసి ఏం చేస్తుందో డాక్టర్లకు ఊహించే వీలే లేదు, ఎందుకంటే అది ఉందనే వాళ్లకు తెలియదు. రక్తం లెక్క కూడా రెండు చోట్లదీ కలుస్తుంది. బ్రిటన్‌లో టాప్స్ అనే ఉమ్మడి నమోదు వ్యవస్థ ఉంది, ఎవరు ఈమధ్య ఏ ట్రయల్‌లో డోసు తీసుకున్నారో దాంట్లో చూసి పట్టుకుంటారు. ఫ్రాన్స్‌లో ప్రభుత్వమే అలాంటి జాబితా నడుపుతుంది. అన్ని దేశాల్లో, అన్ని కేంద్రాల మధ్య ఇలాంటిది ఉండి తీరాలి. వాలంటీర్లను నిఘా పెట్టి పట్టుకోవడానికి అనుకోకండి, వాళ్లను కాపాడుకోవడానికి.

నేను నా ఫారం కాపీ తీసి డబ్బు పేరా ఆయనకు చూపించాను. ఇక్కడితో ఆగిపోయినా ఈ విడత డబ్బు మీదే, చూడండన్నా అన్నాను. ఆయన ఆ పేరా అంతకుముందు చదవలేదు. రెండుసార్లు చదివాడు. అన్నీ అయ్యాకే డబ్బులిస్తారనుకున్నాను అన్నాడు. మర్నాడు పొద్దున డాక్టర్ గారి దగ్గరకు తనే వెళ్లి చెప్పాడు. డాక్టర్ గారు కోప్పడతారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది, కానీ కూర్చోబెట్టి ఆ పాత మందు పేరు అడిగి, అదనంగా రక్తపరీక్ష, ఈసీజీ చేయించి, కొంతసేపు దగ్గర ఉంచుకుని చూసి పంపారు. రెండో విడతకు పెద్దాయన లేడు. అప్పటిదాకా అయిన డబ్బు ఇచ్చారని తర్వాత ఫోన్‌లో చెప్పాడు. అదే పేరా, "పూర్తిచేస్తేనే" అని ఉండి ఉంటే ఆయన చెప్పేవాడు కాదు, ఈ మాట ఆయనే అన్నాడు.

రెండు విడతల మధ్య వాషవుట్ అని ఖాళీ రోజులు ఉంటాయి. మందు సగానికి తగ్గడానికి పట్టే కాలానికి కనీసం అయిదు రెట్లు ఆగుతారు, అప్పటికి ఒంట్లో దాదాపు 3 శాతం మాత్రమే మిగులుతుంది. ఆ రోజుల్లో జలుబు చేసి మాత్ర వేసుకున్నా చెప్పాలి, మూలికల మందులైనా చెప్పాలి. రెండో విడత మొదటిదానిలాగే నడిచింది, కొత్తగా రాయడానికి ఏమీ లేదు. చివర్లో మళ్లీ రక్తపరీక్షలు చేసి అన్నీ మామూలుగా ఉన్నాయని తేల్చాకే వదిలారు. ఈ ఆఖరి పరీక్షకు కొందరు ఎగ్గొడతారు, వెళ్లండి, అది మీ ఒంటి కోసం. రక్తహీనత ఏమైనా వచ్చిందేమో, లివర్ ఎలా ఉందో అందులోనే తెలుస్తుంది.

డబ్బు చెప్పిన లెక్క ప్రకారమే ఖాతాలో పడింది. మొదటి రిపోర్టులు, ఆఖరి రిపోర్టులు, సంతకం చేసిన ఫారం కాపీ, నాకిచ్చిన మందు పేరు, మోతాదు, తేదీలు అన్నీ ఒకచోట పెట్టుకున్నాను, రేపు ఏ డాక్టర్ దగ్గరకు వెళ్లినా చూపించడానికి. తర్వాతి స్టడీ ఉందని ఈమధ్యే ఫోన్ వచ్చింది. రెండు స్టడీల మధ్య ఉండాల్సిన గడువు ఇంకా తీరలేదని, ఫలానా తేదీ దాటాక ఫోన్ చేయమని చెప్పాను. ఈసారి ఏ మందు, మనుషుల్లో ఎప్పట్నుంచి వాడుతున్నారు, మధ్యలో మానేస్తే ఎంత ఇస్తారు అన్నవి ఫోన్‌లోనే అడిగేశాను. మొదటి రెండింటికీ జవాబు చెప్పారు, మూడోది ఫారం చూసి చెప్తామన్నారు. ఫారం పంపితే చదువుకుని నిర్ణయించుకుంటాను.